విడియా ముక్క, సూల్ పట్టణం

అందరికీ నమస్కారం.

జేబులో ఒక చిన్న ముక్క తెచ్చాను. చింతగింజంత ఉంటుంది, వెనక వరసల్లో వాళ్లకి కనబడదు. లేత్ షాపులో పనిచేసినవాళ్లు మాత్రం ఇట్టే పట్టేస్తారు. విడియా బిట్, లేత్ మీద తిరిగే ఇనుముని కోసే పనిముట్టు మొన. ఐటీఐలో చేరిన కొత్తలో ఇది మన మాటే అనుకునేవాణ్ణి. కాదట, 1926లో జర్మనీలో క్రుప్ కంపెనీ పెట్టిన పేరు. 'వజ్రంలాగా' అనే జర్మన్ మాటల్ని కుదిస్తే విడియా అయింది.

నాకిచ్చిన అంశం ఊహాజనితం. నేటి ఊరొకటి యంత్రాలతో సహా 1631 నాటి జర్మనీలో ఊడిపడితే అక్కడి పనివాళ్లు ఏం చేసేవారు? నాకు ఊరంతా అక్కర్లేదు. ఒక లేత్, దాన్ని నడిపే ఒక టర్నర్ చాలు. తురింగియా అడవుల పక్కన సూల్ అనే పట్టణంలో దించుదాం. 1618లో మొదలైన ముప్ఫయ్యేళ్ల యుద్ధం నడుస్తోంది. 1631 మే నెలలోనే మాగ్డెబర్గ్ నగరం తగలబడి, సుమారు ఇరవై వేలమంది పోయారు. సూల్‌లో తయారయ్యేవి తుపాకులు. గిరాకీకి లోటు లేదు.

ఇలాంటి కథల్లో పాతకాలం వాళ్లు యంత్రాన్ని చూసి నోరెళ్లబెడతారు. నాకది నచ్చదు. సూల్ కమ్మరి ఇనప పట్టీని కడ్డీ చుట్టూ వంచి, అతికించి, తుపాకీ గొట్టం చేసేవాడు. నీటి చక్రం తెలుసు, తరిమెన, అంటే పాతకాలపు లేత్, తెలుసు. 1623లోనే ట్యూబింగెన్‌లో షికార్డ్ అనే ప్రొఫెసర్ పళ్ల చక్రాలతో లెక్కలు చేసే యంత్రం తయారుచేసి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కి ఉత్తరం రాశాడు. కెప్లర్ కోసం ఇంకొకటి చేయిస్తుంటే, 1624లో పనివాడి ఇంట్లో రాత్రిపూట నిప్పంటుకుని సగంలోనే కాలిపోయింది. 1655లో ఆల్ట్‌డార్ఫ్‌లో ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు, నడవలేనివాడు, ఇరవై రెండేళ్ల వయసులో చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి తనే చేసుకున్నాడు. ఇలాంటివాళ్ల ముందు గేర్‌బాక్స్ మూత తీస్తే భయపడతారా? వేలు పెడతారు. అరవాల్సింది మన టర్నరే.

వాళ్లని నిజంగా ఆశ్చర్యపరిచేది నట్టు, బోల్టు. రెండు బోల్టులు తీసి, దీని నట్టు దానికి, దాని నట్టు దీనికి తిప్పి చూపించండి. సూల్ పనివాడు అక్కడే కూర్చుండిపోతాడు. ఆకురాయితో అరగదీసి చేసిన మర, అదే స్క్రూ, ఏ బొరియ కోసం చేస్తే దానికే పడుతుంది, పక్క తుపాకీకి పట్టదు. కొలతలు కూడా ఊరికొకటి. రెగెన్స్‌బర్గ్ టౌన్‌హాల్ గోడకి ఆ ఊరి అడుగు, మూర కొలతల ఇనప కడ్డీలు ఇప్పటికీ వేలాడుతున్నాయి. వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

కరెంటు లేదు కదా అంటారు. చిన్న లేత్‌కి ఒకటి రెండు హార్స్‌పవర్ చాలు, నీటి చక్రానికి బెల్టు వేసేద్దాం. టెన్షన్ అంతా ఈ విడియా ముక్కతోనే. ఇది విరిగితే? ఇందులో ఉన్నది టంగ్‌స్టన్, కార్బన్, వాటిని పట్టి ఉంచే కోబాల్ట్. తమాషా ఏమిటంటే ఆ రెండు లోహాల ఖనిజాలూ అక్కడి గని పనివాళ్లకి బాగా తెలుసు. తూర్పున సాక్సనీ కొండల్లో తగరం కరిగించేటప్పుడు ఒక నల్లరాయి అడ్డొచ్చి దిగుబడి తగ్గిపోయేది. తోడేలు గొర్రెని మింగినట్టు తగరాన్ని మింగేస్తోందని తిట్టుకునేవాళ్లు. టంగ్‌స్టన్‌కున్న వుల్‌ఫ్రమ్ అనే ఇంకో పేరులో ఉన్నది ఆ తోడేలే. కోబాల్ట్ అంటే గనిలో తిరిగే కొంటె దయ్యం. దాంతో అప్పటికే నీలి గాజు చేస్తున్నారు. సరుకంతా కాళ్ల కిందే ఉంది, కానీ దాన్ని పొడిచేసి, అచ్చులో నొక్కి, 1400 డిగ్రీల దాకా కాల్చి బిట్ చేసే దారి మూడు వందల ఏళ్ల దూరంలో ఉంది.

అప్పుడు మన టర్నర్ ఏం చేస్తాడు? కమ్మరి దగ్గరికే వెళ్లాలి. ఉక్కుని కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ నెమ్మదిగా వేడిచేస్తూ, ఎండుగడ్డి రంగు రాగానే ఆపడం ఆయనకి కంటి లెక్క. నేను చదువుకున్న చోట ఆ రంగులు పుస్తకంలో బొమ్మగా ఉండేవి. అదీ బ్లాక్ అండ్ వైట్‌లో. కాబట్టి నెల తిరిగేసరికి ఎవరు గురువో ఎవరు శిష్యుడో చెప్పలేం.

అసలు తగువు ఊళ్లో ఒకే పని చేసే మేస్త్రీల వృత్తి సంఘంతో. ఒకేసారి చాలా రిబ్బన్లు నేసే మగ్గం వస్తే హాంబర్గ్‌లో నగర సభే దాన్ని బహిరంగంగా కాల్పించింది. 1685లో చక్రవర్తి శాసనం చేసి మరీ నిషేధించాడు. మూర్ఖులని నవ్వడం తేలిక. కానీ ఆ సంఘం నియమాల అండతోనే భర్త పోయిన భార్య దుకాణం నడుపుకునేది. పదిమంది చేసే మరలు ఒక్క లేతే కోసేస్తే ఆమె గతేమిటని సభ అడుగుతుంది. మన టర్నర్ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

అయితే ఆ పద్ధతిలోనే ఒక కిటికీ ఉంది. పని నేర్చిన కుర్రాడు మేస్త్రీ కావాలంటే కొన్నేళ్లు ఊరూరా తిరిగి పనిచేయాలి. 1634 అక్టోబరులో చక్రవర్తి సైన్యంలోని క్రొయేట్ దళాలు సూల్‌ని తగలబెట్టాయి. మన లేత్ కూడా ఆ మంటల్లోనే పోతుంది. ఈలోపే ఒక కుర్రాడు ఊరు దాటి ఉంటాడు. ఏదో కొత్త ఊళ్లో మేస్త్రీ ముందు మూట విప్పి, రెండు బోల్టులు బల్లమీద పెట్టి, నట్లు మార్చి బిగిస్తుంటాడు.