బ్యాటరీ నిజంగా వేడెక్కిందా?

అందరికీ నమస్కారం. హైబ్రిడ్ కారులో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ కూడా ఉండే కారు) బ్యాటరీ టెంపరేచర్ సెన్సర్ లోపమని స్కానర్‌లో కోడ్ వచ్చిందని మొత్తం బ్యాటరీ ప్యాక్ మార్చేయమంటే నాకు చాలా బాధేస్తుంది. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ గురించి, దాని వైరింగ్ గురించి. కరెంటు నిల్వ చేసే సెల్స్ పాడయ్యాయని దానర్థం కాదు.

సెన్సర్‌లో ఉండేది చిన్న థర్మిస్టర్. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు) తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. వైరు తెగిందనుకోండి, రెసిస్టెన్స్‌కి హద్దుండదు. కంట్రోల్ యూనిట్ దాన్ని గడ్డకట్టే చలి అనుకుని మైనస్ 40 డిగ్రీల దరిదాపుల్లో చూపిస్తుంది. షార్ట్ అయితే బ్యాటరీ ఉడికిపోతున్నట్టు చూపిస్తుంది. షార్ట్ వల్ల సర్క్యూట్ వోల్టేజి మరీ తగ్గితే పి0ఎ9డి అనే కోడ్, వైరు తెగి మరీ పెరిగితే పి0ఎ9ఇ. ఈ రెండూ తేలిగ్గానే దొరుకుతాయి.

టెన్షన్ పెట్టేది పి0ఎ9సి. సెన్సర్ బతికే ఉంటుంది, కానీ 25 డిగ్రీలు చూపాల్సిన చోట 38 చూపిస్తుంది. చూడ్డానికి మామూలు అంకే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి నేను నమ్మే పరీక్ష ఒకటే. కారును రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ కాకముందే స్కానర్‌లో అన్ని సెన్సర్ల రీడింగులూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో తరం టయోటా ప్రియస్‌లో 28 మాడ్యూళ్ల (కొన్ని సెల్స్ కలిపిన డబ్బాల) ప్యాక్‌కి ఇలాంటి సెన్సర్లు 3 ఉంటాయి, లోపలికి వచ్చే గాలిని కొలిచేది వేరేగా ఇంకొకటి. రాత్రంతా ఆగిన కారులో ఇవన్నీ కొద్ది తేడాతో ఒకే మాట చెప్పాలి. ఒక్కటి మాత్రమే దూరంగా ఉంటే దాన్నో, దాని వైరునో అనుమానించండి.

పొద్దున అన్నీ కలిసి ఉండి, బండి నడిపాక ఒకటి మిగతావాటికంటే బాగా పైకి పోతుంటే మాత్రం సెన్సర్‌ని తప్పుపట్టకండి. అది నిజమే చెబుతోంది. కూలింగ్ ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందేమో, వెనక సీటు పక్కనున్న గాలి దారికి సంచి అడ్డం పెట్టారేమో, ఏదైనా మాడ్యూల్ బలహీనపడిందేమో చూడాలి. మధ్యలోని మాడ్యూళ్లు కొంచెం ఎక్కువ వేడెక్కడం సహజమే.

మూత తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. సెన్సర్ వైరులో 5 వోల్టులే ఉండొచ్చు, కానీ దాని పక్కనున్న ప్యాక్ 200 వోల్టులు దాటుతుంది. 1000 వోల్టులకు తగిన రబ్బరు గ్లౌజులు, చిల్లులు లేవని గాలి నింపి చూశాకే, వేసుకోండి. సర్వీస్ ప్లగ్ (ప్యాక్ నుంచి కారుకి వెళ్లే హై వోల్టేజిని తెంపేది) తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు, చాలా కార్లలో 10 నిమిషాలు, ఆగండి. ప్లగ్ తీసినా మాడ్యూళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. దయచేసి ఈ మాట మర్చిపోకండి.

ఆ తర్వాత కనెక్టర్‌లో పచ్చటి తుప్పు ఉందేమో చూసి, మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి, మాన్యువల్‌లోని పట్టికతో పోల్చండి. కొలిచేటప్పుడు వైరును మెల్లగా కదిపితే అంకె ఎగిరిపడుతుంటే లోపం వైరులోనే ఉంది. రిపేరయ్యాక కోడ్ చెరిపేసి కారు ఇచ్చేయకండి. ఇంకో రాత్రి ఆపి, పొద్దున మళ్లీ ఆ అంకెలన్నీ చూడండి.