దేశాలు నాలుగు, మోకు ఒక్కటే

(విశాఖపట్నం స్టూడియోలో ప్రేక్షకుల మధ్య జరిగిన చర్చ. యాంకర్‌తో పాటు ఒక పెట్టుబడుల సలహాదారు, ఒక మహిళా చార్టర్డ్ అకౌంటెంట్, ఒక ఐటీ ఉద్యోగి పాల్గొన్నారు.)

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి ఇక్కడ ఎవరి నోట విన్నా ఏఐ మాటే. ఫోన్లోంచే విదేశీ షేర్లు కొనేస్తున్నారు. మరి రిస్కు సంగతేంటి? ముందు కొన్నవాళ్లనే అడుగుదాం. మీరు చెప్పండి.

ఐటీ ఉద్యోగి: నేను జాగ్రత్తగానే పెట్టాననుకుంటున్నాను మేడం. ఒక్క కంపెనీనే నమ్ముకోలేదు. అమెరికాలో ఎన్విడియా, తైవాన్‌ది టీఎస్ఎంసీ, నెదర్లాండ్స్‌ది ఏఎస్ఎంఎల్, కొరియా మెమరీ చిప్పుల కోసం ఒక ఫండు. నాలుగు దేశాలు. అది కాక నాస్‌డాక్ 100, అంటే అమెరికా నాస్‌డాక్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల ఫండులో నెలనెలా సిప్ ఉంది.

సలహాదారు: 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్ తగలబడిన రాత్రి గుర్తుందా? బోట్లు ఎవరివి వాళ్లవే. ఓనర్లు వేరు, అప్పులు వేరు. కానీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. ఒకదానికి అంటుకున్న మంట పదుల బోట్లను మింగేసింది. మీ షేర్లు కూడా అలాగే కట్టి ఉన్నాయండి.

ఐటీ ఉద్యోగి: అదెలా సార్?

సలహాదారు: చిప్పుల్లో సన్నని గీతలు గీసే ఈయూవీ యంత్రం ఏఎస్ఎంఎల్ తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయరు. దాంతో టీఎస్ఎంసీ చిప్పు తయారు చేస్తుంది. ఆ డిజైన్ ఎన్విడియాది. దానికి తోడుగా పెట్టే మెమరీ చాలావరకు కొరియాది. ఇదంతా చివరికి కొనేదెవరు? మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా, ఇంకా కొద్దిమంది. వాళ్లు డేటా సెంటర్ల ఖర్చు కాస్త తగ్గిస్తామన్నారంటే మీ నాలుగు దేశాలూ ఒకేసారి పడతాయి. మీ నాస్‌డాక్ ఫండులో పైనున్నవీ ఈ కంపెనీలే.

యాంకర్: అలా ఎప్పుడైనా జరిగిందా?

సలహాదారు: 2025 జనవరి 27న జరిగింది. చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో ఏఐ మోడల్ చేసిందన్న వార్తకి, ఇక ఇన్ని చిప్పులు అక్కర్లేదేమోనని ఎన్విడియా ఒక్కరోజులో 17 శాతం పడింది. దాదాపు 59,000 కోట్ల డాలర్ల విలువ పోయింది. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి. కాన్‌స్టెలేషన్ ఎనర్జీ అని అమెరికాలో కరెంటు కంపెనీ ఉంది. అదీ 20 శాతం పైనే పడింది! డేటా సెంటర్లకి కరెంటు అమ్ముతుందని జనం దాన్నీ ఏఐ షేరు చేసేశారు మరి.

ప్రేక్షకుడు (స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఉద్యోగి): పడితే పడింది గానండీ, మళ్లీ లేచింది కదా?

సలహాదారు: లేచింది. ఆ ఏడాది అక్టోబరుకి ఎన్విడియా విలువ 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. నా భయమంతా దానివల్లే. ప్రతిసారీ ఇలాగే లేస్తుందని మనకి అలవాటైపోతుంది. 2000లో సిస్కోని చూడండి, ఇంటర్నెట్ నడిపే నెట్‌వర్క్ సామాన్లు చేసే అమెరికా కంపెనీ. ఇంటర్నెట్ వస్తుందన్నారు, వచ్చింది. సిస్కో సామాన్లు అమ్ముడయ్యాయి, కంపెనీ లాభాల్లోనే నడిచింది. అయినా 2000 మార్చిలో పలికిన ధరని ఆ షేరు మళ్లీ దాటింది 2025 డిసెంబరులో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు.

సీఏ: నాదొక ప్రశ్న. మీకు జీతం ఎవరిస్తారు?

ఐటీ ఉద్యోగి: అమెరికా కంపెనీయేనండి. జీతంతో పాటు ఏటా వాళ్ల షేర్లు కూడా ఇస్తారు.

సీఏ: ఇల్లూ వాకిలీ?

ఐటీ ఉద్యోగి: అద్దె ఇల్లే. అంటే... ఆనందపురం వైపు ఒక ప్లాటుకి అడ్వాన్సు ఇచ్చాను. డేటా సెంటర్ వస్తే రేటు పెరుగుతుందని.

(ప్రేక్షకుల్లో నవ్వులు)

సీఏ: నవ్వకండి, ఈ హాల్లో సగంమంది చేసింది అదే. జీతం, కంపెనీ షేర్లు, ఫండు, ప్లాటు. అన్నీ ఒకే మోకుకి కట్టారు. ఏఐ చల్లబడిన ఏడాదిలోనే ఉద్యోగాలు తీసేస్తారు, ఆ ఏడాదిలోనే ప్లాటు కొనేవాడూ దొరకడు.

యాంకర్: అయితే ఏం చేయాలంటారు?

సలహాదారు: అసలు పెట్టొద్దని నేననను. ఎంత పెట్టారన్నదే చూసుకోవాలి. నా పద్ధతిలో అయితే ఏఐ మీద ఆధారపడిన డబ్బంతా, కంపెనీ ఇచ్చిన షేర్లతో సహా, ఆస్తిలో పదో వంతు దాటనివ్వను. కంపెనీ షేర్లు చేతికి రాగానే అమ్మేయమంటాను. ఆ జీతం మీద ఎలాగూ ఆధారపడ్డాం కదా. ఏడాదికోసారి చూసుకుని, పెరిగి పదో వంతు దాటింది తీసి ఎఫ్‌డీలోనో బంగారంలోనో వేయాలి. పెరుగుతున్నప్పుడు అమ్మాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు.

యాంకర్: పన్నుల మాట క్లుప్తంగా చెప్పండి మేడం.

సీఏ: ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల వరకు బయటికి పంపొచ్చు. విదేశీ షేర్లుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తులు చూపించే పట్టిక, నింపాలి. చిన్న విషయమని వదిలేస్తే 10 లక్షల రూపాయల జరిమానా దాకా పోవచ్చు. ఇంకోటి ఎవరూ చెప్పరు. మన పేరున నేరుగా 60,000 డాలర్లకి మించి అమెరికా షేర్లుండి మనం పోతే, పైదాని మీద అక్కడి ఎస్టేట్ ట్యాక్స్, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను, 40 శాతం వరకు పడొచ్చు. ఇక్కడి మ్యూచువల్ ఫండు ద్వారా కొంటే ఆ తలనొప్పి లేదు. మీ షేర్ల సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా?

ఐటీ ఉద్యోగి: లేదండీ. యాప్ పాస్‌వర్డు నాకొక్కడికే తెలుసు.

ప్రేక్షకుడు: నాదొక చిన్న మాట బాబూ. రిటైరైన డబ్బు బ్యాంకులో ఉంది. మావాడు ఈ ఏఐ ఫండులో వేయమని ఒకటే పోరు.

సలహాదారు: ఆ డబ్బుతో దగ్గర్లో ఏమైనా ఖర్చుందా?

ప్రేక్షకుడు: రెండేళ్లలో మనవరాలి పెళ్లి అనుకుంటున్నాం.

సలహాదారు: అయితే ఒక్క రూపాయి కూడా వద్దండి.

ఐటీ ఉద్యోగి: మరి నా ప్లాటు అడ్వాన్సు?

సీఏ: వెనక్కిస్తామని అగ్రిమెంటులో ఎక్కడైనా రాశారా?

ఐటీ ఉద్యోగి: చదవలేదండీ.

యాంకర్: ఇప్పుడొక చిన్న బ్రేక్. ఈలోగా ఇంటికి ఫోన్ చేసి చదివించండి.