మూడు మాత్రల ఖాళీ

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక మాట చదువుతాను, వినండి. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు." ధనుర్మాసంలో తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లే అలవాటున్న వాళ్లకి ఈపాటికే కళ్ల ముందు ముగ్గు కనబడి ఉంటుంది. మధ్యన 15 చుక్కల వరస. దానికి పైన 14, కింద 14. చుక్కకీ చుక్కకీ మధ్య సందులో పెట్టాలి కాబట్టి వరసకి ఒకటి తగ్గుతూ పోతుంది. 8 దగ్గర ఆగాలి. పక్కింటావిడ గోడ మీంచి అడిగితే ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, మొత్తం 169 చుక్కలూ తప్పు లేకుండా ఆవిడ వాకిట్లో పడిపోతాయి.

నేను ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ ముక్క వింటే నాకు మా ఆఫీసు పనే గుర్తొస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, అడుగుకి ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆపాలి. మేం లూప్ అని పిలుచుకునేది అచ్చంగా ఇదే. సరదాకి పట్టుకున్న కళ ఉద్యోగంలో ఎలా అక్కరకొస్తుందో ఇవాళ చెప్తాను.

మా దగ్గర గుంటూరు వైపు అమ్మాయి ఒకామె టెస్టర్‌గా పనిచేస్తుంది. టెస్టర్ అంటే మేం రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికిపెట్టే మనిషి. ఆ అమ్మాయి సొరుగులో గళ్ల నోటుపుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, నిండా ముగ్గులే. మేం నెలంతా కూర్చుని రాసింది ఇస్తే పొద్దున కాఫీ చల్లారేలోపు నాలుగు తప్పులు పట్టుకొస్తుంది. ఎలాగమ్మా అని అడిగాను ఒకసారి. "చుక్కలు మధ్యలో తప్పవండీ. చివరి వరసలోనే తప్పుతాయి. అందుకని నేను అక్కణ్ణించే చూస్తా" అంది. 8 దగ్గర ఆగాల్సింది 7 దాకా పోవడం, 9కే ఆగిపోవడం. ప్రోగ్రాముల్లో మేం చేసే తప్పుల్లో మహా మామూలు తప్పు ఇదే. ఏ ట్రైనింగులోనూ ఇంత తేలిగ్గా చెప్పగా నేను వినలేదు.

ముగ్గులో ఈ లెక్క ఉందని పెద్దవాళ్లు కనిపెట్టకపోలేదు. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో కమలా కృతివాసన్, తమిళ వాకిళ్లలోని కోలాలను కంప్యూటరు శాస్త్రం కళ్లతో చూశారు. భాషకి వ్యాకరణం ఉన్నట్టే బొమ్మకీ వ్యాకరణం ఉంటుందని, కోలాన్ని ఆ సూత్రాలతో పుట్టించవచ్చని చూపిస్తూ 1974లో పరిశోధన పత్రం వేశారు. అటు అమెరికాలో 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటరుకి బొమ్మలు గీసిన సూసన్ కేర్‌ది కూడా గళ్ల కాగితమే. ఆవిడ ప్రోగ్రామర్ కాదు, చిత్రకళ చదువుకున్న మనిషి. అడ్డం 32, నిలువు 32, మొత్తం 1024 గళ్లు. గడి నలుపో తెలుపో తప్ప ఇంకో రంగు లేదు. దారంతో కుట్టే అల్లికకీ దీనికీ పెద్ద తేడా లేదని ఆవిడకి తెలుసు కాబట్టి అంత చిన్న చోటులో చెత్తబుట్టనీ, నవ్వే కంప్యూటరునీ ఇరికించగలిగింది.

ఇక నా సంగతి. నాకు ముగ్గు రాదు, పాట రాదు. నలభయ్యో ఏట పద్యం పట్టుకున్నాను.

ఎందుకు పట్టుకున్నానో పెద్ద కారణం ఏమీ లేదు. మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన ఫోను మొరాయిస్తే బాగుచేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోనన్నానని బదులుగా ఛందస్సు చెప్తానన్నారు. నేను మొహమాటానికి సరే అన్నాను. అంతే, ఇరుక్కున్నాను. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరేదాకా వేళ్లు మడుస్తూ మాత్రలు లెక్కపెట్టుకోవడం అలవాటైంది. మా ఆవిడ మొదట్లో జపమేమో అనుకుంది. ఇలాంటి సరదాలు పెట్టుకుంటే ఆఫీసు ఒత్తిడి తగ్గుతుందని అందరూ అంటారు. నాకేమో ఉన్న ఒత్తిడికి యతిప్రాసలు తోడయ్యాయి.

మాత్రలంటే మందుల షాపులో దొరికేవి కావండోయ్. అక్షరం పలకడానికి పట్టే కాలం. చిటికె వేసినంతసేపు పలికేది లఘువు, ఒక మాత్ర. దానికి రెట్టింపు పట్టేది గురువు, రెండు మాత్రలు. "కల"లో రెండూ లఘువులే. "కాలం"లో రెండూ గురువులు. ఈ రెంటితోనే పద్యమంతా.

కంద పద్యానికి నాలుగు మాత్రల గణాలే, అంటే నాలుగు మాత్రల అక్షరాల గుంపులే, వాడాలి. మాస్టారు ఐదు గణాలు చెప్పారు: గగ, భ, జ, స, నల. ఐదే ఎందుకు, ఆరోది ఎందుకు లేదు అని నాకు అనుమానం. వృత్తిదోషం. ఆ రాత్రి కాగితం మీద వేసి చూశాను. నాలుగు మాత్రలని లఘువులు, గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? చివర లఘువు వస్తే ముందు మూడు మాత్రలు మిగులుతాయి, వాటిని మూడు రకాలుగా నింపొచ్చు. చివర గురువు వస్తే ముందు రెండు మాత్రలు, వాటిని రెండు రకాలుగా. మూడూ రెండూ ఐదు. అంతకు మించి ప్రపంచంలో ఇంకోటి లేదు కాబట్టి కందానికి ఐదు గణాలు! ఐదు మాత్రలకైతే ఎనిమిది రకాలు. ఆరు మాత్రలకి పదమూడు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు. వెనకటి రెండూ కలిపితే తర్వాతది.

ఇంజినీరింగ్ చదివిన శ్రోతలు గుర్తుపట్టే ఉంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి కుర్రాడి చేతా మొదటి నెలలో రాయించే ఫిబొనాచీ సంఖ్యలు ఇవి. ఇటలీ ఫిబొనాచీ పుస్తకం 1202 నాటిది. అంతకు అర్ధ శతాబ్దం ముందే, సుమారు 1150లో, గుజరాత్‌లో హేమచంద్రుడు ఇవే సంఖ్యలు చెప్పాడు. ఆయన ఫిబొనాచీలా కుందేళ్ల సంతానాన్ని లెక్కపెట్టలేదు, నాలాగే మాత్రలు లెక్కపెట్టాడు. ఆయనకంటే ముందు గోపాలుడు, ఇంకా ముందు విరహాంకుడు. ఇంజినీరింగ్ కాలేజీలో ఈ లెక్కని నేను నిద్రమత్తులో ఎక్కించుకున్నాను. కందం మీద వేసి చూసిన రాత్రి గానీ అది నాది కాలేదు.

గోపాలుడి పేరూ, హేమచంద్రుడి పేరూ డొనాల్డ్ క్నూత్ తన పుస్తకంలో రాశాడు. ప్రోగ్రామర్లకి ఆయన పెద్ద తలకాయ. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అనే ఆ పుస్తకం పేరులోనే కళ అన్న మాట ఉంది. 1974లో కంప్యూటరు శాస్త్రంలో అతి పెద్దదైన ట్యూరింగ్ పురస్కారం పుచ్చుకుంటూ చేసిన ప్రసంగం కూడా ప్రోగ్రామింగ్ కళ అవుతుందన్న విషయం మీదే. ఊరికే మాటవరసకి అనలేదు. ఆయన ఇంట్లో పైపు ఆర్గన్ ఉంది, గొట్టాల్లోకి గాలి పంపి వాయించే వాయిద్యం, 812 గొట్టాలది. 2018 జనవరి 10న, సరిగ్గా ఎనభై ఏళ్లు నిండిన రోజున, ఆయన కూర్చిన ఆర్గన్ సంగీతాన్ని స్వీడన్‌లోని పీటియో అనే ఊళ్లో మొదటిసారి వాయించారు.

నన్నడిగితే ఆర్గన్ కంటే ఆయనకున్న అక్షరాల పిచ్చి గొప్పది. 1977లో ఆ పుస్తకం రెండో భాగాన్ని మళ్లీ అచ్చు వేస్తూ ప్రూఫులు పంపించారు. పాత సీసపు అచ్చు పోయి కొత్త యంత్రాలు వచ్చిన రోజులు. అక్షరాలు చూసి ఆయనకి ఒళ్లు మండింది. ఇంకొకరైతే ప్రెస్సు వాళ్లకి ఉత్తరం రాసి ఊరుకునేవారు. ఈయన రాస్తున్న పుస్తకం పక్కన పెట్టి, అచ్చుపని అందంగా చేసే ప్రోగ్రామే రాయడానికి కూర్చున్నాడు. దాని పేరు టెక్. ఏడాదిలో అయిపోతుందనుకున్నది పదేళ్లు తినేసింది. ఈ రోజుకీ ప్రపంచంలో లెక్కల పరిశోధన పత్రాలు చాలామటుకు దాంతోనే కూర్చుతున్నారు. అక్షరం వంపు సరిగ్గా లేకపోతే నిద్రపట్టని మనిషి కాబట్టి చేశాడు.

అలాగని ప్రతి సరదా మనిషిని మంచి ప్రోగ్రామర్‌ని చేస్తుందని నేను చెప్పను. వీణ బ్రహ్మాండంగా వాయిస్తూ ప్రోగ్రాము ఘోరంగా రాసేవాళ్లు నాకు తెలుసు. పైగా ఈ మాట పట్టుకుని ఆఫీసుల వాళ్లు చేసే హడావిడి ఇంకో బాధ. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో సరదాలన్నీ ఫారంలో నింపమన్నారు, దానికి పాయింట్లు. ఇందాక చెప్పిన అమ్మాయి అప్పుడు అక్కడే ఉండేది. ఆమె చేత ముగ్గుల క్లాసు పెట్టించి, అయ్యాక అందరితో మార్కులు వేయించారు. ఐదుకి మూడున్నర వచ్చాయి పాపం. తర్వాత మూడు నెలలు ఆ గళ్ల పుస్తకం బయటికి రాలేదు. ఎవరూ మార్కులు వెయ్యని చోటు ఒకటి ఉంది కాబట్టే ఆ అమ్మాయి అన్ని ముగ్గులు వేసింది. ఈ చిన్న విషయం వాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

నా పద్యాలకి మార్కులు లేవు గానీ మాస్టారు ఉన్నారు. కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని సామెత ఊరికే రాలేదు. గణం కుదిరితే యతి తప్పుతుంది, యతి కుదిరితే ప్రాస పోతుంది. అన్నీ కుదిరేసరికి పాదంలో మూడో నాలుగో మాత్రలు ఖాళీ మిగులుతాయి. నాలాంటి కొత్తవాళ్లు అక్కడ "నిజముగ" అనో, "ఇలన్" అనో, "గదా" అనో ఒక మాట పడేసి చేతులు దులుపుకుంటారు. దీన్ని పాదపూరణ అంటారు. మాస్టారు ఎర్ర పెన్ను తీసి ఆ మాట చుట్టూ సున్నా చుడతారు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇది తీసేస్తే అర్థంలో ఏం తగ్గుతుంది నాయనా?"

ఆఫీసులో నేను సీనియర్‌ని. పాతికేళ్ల పిల్లలు రాసిన కోడ్‌లో తప్పులు చూపించడం నా పని. మాస్టారి ముందు బల్లకి అవతలి పక్క కూర్చోవడం మొదలయ్యాక, సున్నా చుట్టించుకోవడం ఎలా ఉంటుందో గుర్తొచ్చింది. మా పిల్లలకి నేను రాసే వ్యాఖ్యలు కాస్త పొట్టివయ్యాయి, ఎక్కువభాగం ప్రశ్నలయ్యాయి. వాళ్లు గమనించారో లేదో తెలియదు.

ఈ ప్రశ్న ఒక రాత్రి నన్ను గట్టెక్కించింది. నెల మొదట్లో బిల్లు మెసేజ్‌లు పంపే ప్రోగ్రాము ఒకటి ఉండేది. కొందరికి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్తోంది. అందరికీ వెళ్తే పట్టుకోవడం తేలిక. నూటికి ఏ ఒక్కరికో వెళ్తోంది, అదీ ఒక రోజు ఉండి ఒక రోజు ఉండదు. రాత్రి తొమ్మిదికి కూర్చున్నాను. మూడైంది. అర్థం చేసుకోవడానికి చదివి చదివి ఇక అక్షరాలు కనబడ్డం మానేశాయి. అప్పుడు ఎందుకో మాస్టారి చదువు మొదలుపెట్టాను. ఒక్కో పంక్తి దగ్గరా ఆగి, ఇది తీసేస్తే ఏం తగ్గుతుంది, ఇది తీసేస్తే ఏం తగ్గుతుంది. తెల్లవారుతుండగా ఒక పంక్తి దగ్గర జవాబు రాలేదు. కొన్ని సెకన్లలో బదులు రాకపోతే మళ్లీ పంపు అని ఉంది అందులో. ఆ పని కింద ఇంకో చోట ఎలాగూ జరుగుతోంది. లైను నెమ్మదించినప్పుడల్లా రెండూ కలిసి పంపేస్తున్నాయి. ఎందుకైనా మంచిదని రెండేళ్ల కిందట ఎవరో పెట్టిన పంక్తి. ఎవరా అని చూస్తే, పెట్టింది నేనే.

తుడిచేశాను. మర్నాడు మెట్రోలో నిద్ర కళ్లతో ఒక కందం వచ్చింది. నా జీవితంలో మొదటిసారి వేళ్లు మడవకుండా వచ్చిన పద్యం. వినండి.

తప్పెక్కడొ తెలియదు నా
కిప్పటికిని రేయి గడిచె కిటికీ వెలిగెన్
ఒప్పని దొక పంక్తిని నే
నిప్పుడె తుడిచితిని చూడ నెల్లయు సరియౌ

గర్వంగా తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన ఒకసారి పైకి చదివారు. కిటికీ వెలిగిన చోట తల ఊపారు. నాలుగో పాదం దగ్గరకొచ్చి పెన్ను మూత తీశారు.

"ఈ 'చూడ' ఎవర్ని చూడమని నాయనా?"

నిజమే. పాదం మొదటి అక్షరం 'ని' తో యతి కలవాలంటే, అంటే పాదం మధ్యలో దానికి జత అక్షరం రావాలంటే, 'నెల్లయు' అక్కడే పడాలి. దానికి ముందు మూడు మాత్రలు ఖాళీ. 'చూడ' వేసి నింపేశాను. పనికిమాలిన పంక్తి తుడిచేశానని చెప్పుకునే పద్యంలో పనికిమాలిన మాట. మాస్టారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మార్చుకుని రా" అని కాగితం ఇచ్చేశారు.

ఆరు నెలలైంది. 'నేడు' పెట్టి చూశాను. 'ఇప్పుడె' అని చెప్పాక మళ్లీ నేడేమిటి అన్నారు. 'అంత' అన్నాను, 'ఎల్లయు' ఉంది కదా అన్నారు. గురువు, లఘువు, మూడే మూడు మాత్రలు. ఇవాళ స్టూడియోకి వస్తూ దారిలో కూడా వేళ్లు మడుస్తూనే ఉన్నాను. వింటున్న మీలో ఎవరికైనా తడితే మాస్టారికి మాత్రం చెప్పకండి, నాకు చెప్పండి.

నమస్కారం.