బీరు బల్లల మధ్య పెరిగిన సింఫనీ

అందరికీ నమస్కారం అండి. ఆర్కెస్ట్రా అనగానే మనకి పెళ్ళిళ్ళలో, జాతరల్లో సినిమా పాటలు పాడే పార్టీ గుర్తొస్తుంది కదా. నేను చెప్పబోయేది దాని గురించి కాదు, వయొలిన్లు, బాకాలు, డ్రమ్ములు పట్టుకుని పెద్ద గుంపుగా కూర్చుని వాయించే సింఫనీ ఆర్కెస్ట్రా గురించి. అది కూడా 1868 నుంచి 1875 దాకా న్యూయార్కులో ఎండాకాలం రాత్రుళ్ళు ఒక తోటలో జరిగిన కచేరీల గురించి.

ఆ తోట పేరు సెంట్రల్ పార్క్ గార్డెన్. పేరు చూసి పార్కు లోపల అనుకోకండి, పార్కు దక్షిణపు అంచుకి దగ్గర్లో సెవెన్త్ ఎవెన్యూ మీద ఉండేది. ఒక హాలు, దాన్ని ఆనుకుని ఆరుబయట తోట, బల్లలు, బీరు, చుట్టల పొగ, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న అలవాటు ఇదంతా.

ఆ కచేరీలు నడిపించిన కండక్టర్, అంటే ముందు నిలబడి వాద్యగాళ్ళందరినీ నడిపించేవాడు, థియోడోర్ థామస్ కూడా అలా వచ్చినవాడే. 1835లో జర్మనీలో ఎసెన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టి, పదేళ్ళ వయసులో ఇంట్లోవాళ్ళతో న్యూయార్కు చేరి, చిన్నతనంలోనే వయొలిన్ వాయించి డబ్బులు సంపాదించాడు. ఆయన్ని పట్టి పీడించిన సమస్య ఒకటుంది. న్యూయార్కులో ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా 1842 నుంచీ ఉంది గానీ ఏడాదికి కచేరీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ డబ్బుతో ఏ కుటుంబం గడుస్తుంది చెప్పండి, అందుకని వాద్యగాళ్ళు డాన్సులకీ నాటకాలకీ వాయించుకుని బతికేవాళ్ళు, ఎక్కడైనా డబ్బులొచ్చే పని తగిలితే రిహార్సల్ మానేసి అటు వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టలేం. కానీ రోజూ కలిసి వాయించనివాళ్ళకి శ్రుతి, లయ ఎలా కలుస్తాయి?

అందుకే ఎండాకాలం పట్టుకున్నాడు. 1866లో న్యూయార్కులోనే టెరేస్ గార్డెన్ అనే ఇంకో తోటలో మొదలుపెట్టి, రెండేళ్ళ తర్వాత సెంట్రల్ పార్క్ గార్డెన్‌కి మారాడు. ప్రతి రాత్రీ కచేరీ, అంటే వాద్యగాళ్ళకి రోజూ పని, చేతికి డబ్బు. ఈ తోటలోనే వెయ్యికి పైగా కచేరీలు చేశాడు! నా దృష్టిలో అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాలకి పునాది పడింది పెద్ద హాళ్ళలో కాదండి, ఈ బీరు బల్లల మధ్యే.

మరి ఉక్కకి చల్లగాలి కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు బీథోవెన్ వింటారా? ఇక్కడే నాకు ఆయన మీద బాగా గౌరవం. మొదట హుషారైన ముక్కలు, స్ట్రాస్ రాసిన వాల్ట్జ్ అనే డాన్సు ట్యూన్లు, మధ్యలో ఎక్కడో సింఫనీ, అంటే కొన్ని భాగాలుగా సాగే పెద్ద కృతి, అందులోంచి ఒక్క భాగం, మళ్ళీ తేలికైనవి. బెల్లంలో మందు పెట్టి మింగించినట్టు అన్నమాట. అలా ఏళ్ళ తరబడి ఓపిగ్గా అలవాటు చేసి చేసి, చివరికి పూర్తి సింఫనీలు వినే దాకా తీసుకొచ్చాడు.

సరదా కూడా ఉండేది. ఈ ఎండాకాలం కచేరీల్లో ఒకసారి 'లిన్నెట్ పోల్కా' వాయించేటప్పుడు పికోలో అనే చిన్న పిల్లనగ్రోవి వాయించేవాళ్ళని చెట్టెక్కించాడు, ఇంకోసారి 'కార్నివాల్ ఆఫ్ వెనిస్' వాయించేటప్పుడు ట్యూబా అనే పెద్ద బాకా అతన్ని జనం వెనక పొదల్లో కూర్చోబెట్టాడు. పొదల్లోంచి ఒక్కసారిగా ఆ బొంగురు శబ్దం వచ్చేసరికి ఎవడో అల్లరి చేస్తున్నాడనుకుని పోలీసులు పాపం అతన్ని పట్టుకోబోయారు. థామసే తర్వాత చెప్పుకున్నాడు ఇది.

జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన 'రైడ్ ఆఫ్ ది వాల్కిరీస్' 1872లో సెంట్రల్ పార్క్ గార్డెన్‌లోనే వినిపిస్తే జనం కుర్చీలెక్కి అరిచారట. జర్మనీలో బైరాయిట్ అనే ఊళ్ళో వాగ్నర్ సొంత థియేటర్ తెరుచుకున్నది 1876లో, దానికి నాలుగేళ్ళ ముందే బీరు తాగుతున్న న్యూయార్కు జనం దాన్ని విన్నారు, ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మిగతా నెలల్లో రైళ్ళెక్కి ఊరూరా తిరిగేవాళ్ళు. 1871 అక్టోబరులో షికాగో చేరేసరికి ఊరు తగలబడుతోంది, వాయించాల్సిన క్రాస్బీ ఆపెరా హౌస్ బూడిదైపోయింది, థామస్ అప్పుల్లో కూరుకుపోయాడు. అయినా ఇరవై ఏళ్ళకి, 1891లో, ఆయనకి శాశ్వతంగా నిలబడే ఆర్కెస్ట్రా ఇచ్చింది ఆ షికాగోనే. వాళ్ళకంటూ కట్టిన సొంత హాలు 1904 డిసెంబరులో తెరుచుకుంటే, మూడు వారాలకే ఆయన పోయాడు.

ఆ షికాగో సింఫనీ ఇప్పటికీ ఎండాకాలంలో రవీనియా అనే తోటలో వాయిస్తుంది, 1936 నుంచీ. అక్కడున్న మనవాళ్ళు ఒక దుప్పటి, నాలుగు పులిహోర పొట్లాలు పట్టుకుని వెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, గడ్డి మీద పడుకుని వినొచ్చు.