ఇల్లు అమ్ముతున్నారా? రంగుల సంగతి తర్వాత, ముందు ఆ కుళాయి చూడండి

[షాట్: వాష్‌బేసిన్. కుళాయి నుంచి ఒక చుక్క. కాసేపాగి ఇంకో చుక్క.]

ఈ చప్పుడు వినిపిస్తోందా? టప్... టప్... ఒక నిమిషం పాటు నేనేం మాట్లాడను, వినండి.

సరే, నిమిషం మరీ ఎక్కువైంది. మీరు వీడియో మార్చేసేలా ఉన్నారు.

ఇల్లు అమ్మకానికి పెట్టేముందు ఏం చేయించాలని నన్ను అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు. "ఏ రంగు వేయిస్తే బాగుంటుందండీ?" నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. ఇంటిని సిద్ధం చేయడమంటే ముస్తాబు చేయడమని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట పట్టుకుని జనం సోఫా కవర్లు మారుస్తారు, గోడకి కొత్త బొమ్మ తగిలిస్తారు, గుమ్మం ముందు మొక్కలు పెడతారు. బేసిన్ దగ్గర కుళాయి మాత్రం అలాగే కారుతూ ఉంటుంది. అమ్మేవాళ్లకి ఆ చప్పుడు వినపడదు. ఏళ్ల తరబడి విని విని చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. చూడటానికి వచ్చినవాళ్లకి మాత్రం ఆ గదిలో అదొక్కటే వినపడుతుంది.

దగ్గరగా చూపిస్తాను, రండి.

[క్లోజప్: బేసిన్]

చుక్క పడే చోట చూడండి, నాలుక ఆకారంలో గోధుమరంగు చార. కుళాయి మొదట్లో తెల్లగా, గట్టిగా పేరుకుపోయిన సున్నం. ఇప్పుడు కట్టేస్తున్నాను. ఆగినట్టే ఆగి మళ్లీ టప్. ఇంటికి వచ్చినాయన చేసేదీ ఇదే. తిప్పుతాడు, కట్టేస్తాడు, చుక్క ఆగదు. ఇంకాస్త బిగిస్తాడు. మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనడు. లోపల లెక్క మాత్రం మొదలైపోయింది. "ఇంత చిన్న వాషర్ మార్చడానికే తీరిక లేనివాళ్లు పైన ట్యాంకు సంగతి చూసుంటారా? గోడల్లో పైపుల మాటేంటి? వైరింగు?"

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా. ఆయన పట్టి చూసిన మెతుకు ఈ కుళాయి. దాన్ని బట్టి గిన్నె మొత్తానికి తీర్పు చెప్పేశాడు. పక్కగదిలో మీరు కొత్తగా వేయించిన లేత నీలం రంగు ఆయన చూడనైనా చూడలేదు.

కొనేవాడు ఇలా ఎందుకు ఆలోచిస్తాడు? వాడికి మన మీద కోపమేం లేదు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఇదే విషయాన్ని పాత కార్లను ఉదాహరణగా తీసుకుని రాశారు. 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు. పాత కారు లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మంచిదో చెడ్డదో తేలని బండికి ఎవడైనా మంచి బండి ధర ఇస్తాడా? రెంటికీ మధ్యగా ఏదో ఒక ధర చెప్తాడు. దాంతో నిజంగా మంచి బండి ఉన్నవాడికి ఆ బేరమే వద్దనిపిస్తుంది. ఇంటికీ అదే వరస. గోడ లోపల, నేల కింద, కప్పు పైన ఏముందో మీకు తెలుసు, ఆయనకి తెలియదు. తెలియనిదంతా ఆయన ధరలోంచి కోసేస్తాడు. కారే కుళాయి వల్ల మీకు పోయేది వాషర్ ఖరీదు కాదండీ, ఆ అనుమానం ఖరీదు.

నేనేదో మొదట్నుంచీ తెలివైనవాణ్ణని అనుకోకండి. మా ఇల్లు అమ్మినప్పుడు నేను చేసిన నిర్వాకం చెప్తాను.

పడకగదిలో కిటికీ కింద చెమ్మ మరక ఉండేది. పెయింటర్‌ని పిలిచి "ఇది కనపడకుండా చేసెయ్" అన్నాను. పాపం ఆయన అడిగాడు కూడా, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశారా అని. నేను విన్లేదు. పుట్టీ పెట్టాడు, రంగేశాడు. గదంతా పాత రంగు, కిటికీ కింద మూరెడు మేర కొత్త రంగు. ఇక్కడ చూడండి అని బాణం గుర్తు వేసి పెట్టినట్టుంది. రెండు వారాలు తిరక్కుండానే ఆ రంగు బొబ్బలెక్కింది. గోరు తగిలితే తెల్లటి పొడి రాలింది.

ఆ వారమే ఒక జంట ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆవిడ గదిలోకి రాగానే నేరుగా అక్కడికే వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించింది. అలా ఆనించి ఉంచింది. ఆవిడ ఏమీ అడగకముందే నేను అందుకుని "అది పాత మరకండీ, ఇప్పుడేం లేదు" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆ తెల్లపొడి ఏంటంటే, ఉప్పు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలు నీళ్లలో కరిగి గోడ ముఖం మీదికి వస్తాయి. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు గడ్డకట్టి అక్కడే ఉండిపోతాయి. రంగు పొర వెనక అవి పెరుగుతూ రంగుని బయటికి నెడతాయి. కాబట్టి నీళ్లు వచ్చే దారి మూయకుండా ఎన్ని పొరలు పూసినా పైన పటారం, లోన లొటారమే. మా ఇంట్లో అసలు తప్పు కిటికీ చట్రానికీ గోడకీ మధ్య విచ్చుకున్న సందుది. ఆ సందు పూడ్పించాను. తర్వాత గోడని ఆరనిచ్చాను. ఇక్కడ ఓపిక కావాలి, వారాలు పడుతుంది, మందపాటి గోడైతే నెలలే. ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత. ఆ తర్వాత ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తానికీ ఒకే రంగు. అతుకు మాత్రం వద్దు.

ఇంకోటి, ఆ పని చేయించిన బిల్లు పారేయకండి. "ఇక్కడ చెమ్మ ఉండేది, బాగుచేయించాం, ఇదిగో కాగితం" అని మీ అంతట మీరే చూపించండి. తెలిసిన లోపాన్ని దాచిపెట్టి అమ్మితే చాలా దేశాల్లో చట్టం ఊరుకోదు, అది వేరే సంగతి. నేను చెప్పేది బేరం సంగతి. ఒక లోపాన్ని ముందే ఒప్పుకున్నవాడు మిగతావాటి గురించి చెప్పే మాటకి విలువ పెరుగుతుంది. ఇది కూడా మెతుకే, కాకపోతే ఈసారి బాగా ఉడికిన మెతుకు.

వాసన దగ్గరికి వద్దాం. కుళాయి చప్పుడుని చెవి వదిలేసినట్టే ఇంటి వాసనని ముక్కు వదిలేస్తుంది. ఒకే వాసన మధ్య ఉంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, అది మన శరీరం తీరు. పెంపుడు కుక్క, తడి బట్టలు, మూసి ఉంచిన అల్మరా, వీటిలో ఏదీ మీకు తెలియదు. కాబట్టి మీ ముక్కుని నమ్మకండి. మొహమాటం లేని స్నేహితుణ్ణి ఒకణ్ణి పిలిచి, గుమ్మంలో నిలబెట్టి, "ఏం వాసన వస్తోంది?" అని అడగండి. "ఏం లేదులే" అనే స్నేహితుడు ఈ పనికి పనికిరాడు.

దయచేసి రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి. గుప్పుమని మల్లెల వాసన రాగానే ఎవడికైనా వచ్చే మొదటి ప్రశ్న, "వీళ్లు ఏం దాస్తున్నారు?" కిటికీలు తీసిపెట్టండి, కర్టెన్లు ఉతికించండి. వాడకం లేని బాత్రూమ్ నుంచి మురుగు వాసన వస్తుంటే కంగారుపడి తవ్వకాలు మొదలెట్టకండి. మురుగు పైపు కింద వంపు ఉంటుంది. అందులో నిలిచే నీళ్లే అవతలి గాలిని ఆపే మూత. చాలాకాలం వాడకపోతే ఆ నీళ్లు ఎండిపోతాయి, మూత తెరుచుకుంటుంది. ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి. తొందరపడి పెద్ద ఖర్చు పెట్టేశామని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు మీకు కొంచెం కోపం తెప్పించే మాట. మీ ఇంటిని మీరు చూడలేరు. కాకి పిల్ల కాకికి ముద్దు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. విద్యార్థుల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, అమ్ముతారా అని అడిగారు. కప్పులు లేనివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి దాదాపు రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా వచ్చింది. కప్పు చేతికొచ్చి ఎంతసేపయిందని? అంత మాత్రానికే అది "నా కప్పు" అయిపోయింది. మరి పిల్లలు పెరిగిన ఇంటికి మనం ఎంత చెప్తాం?

మా ఇంట్లో వంటగది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలుండేవి. పిల్లల ఎత్తులు, పక్కన తేదీలు. మా ఆవిడ వాటిని చెరపనివ్వలేదు. "చూసినవాళ్లకి ముచ్చటేస్తుంది" అంది. నాకూ అలాగే అనిపించింది. వచ్చినవాళ్లలో ఒకాయన చట్రం మీద వేలు రాసి "ఇవి పోతాయాండీ?" అని అడిగాడు. ఫొటో తీసుకుని, ఆ రాత్రే నేను చెరిపేశాను. ఆవిడ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు, న్యాయమే.

మీ ఇష్టానికి వంటగది మొత్తం కొత్తగా చేయించి అమ్ముదామనే ఆలోచన కూడా ఈ కాకి పిల్ల బాపతే. నా మటుకు నేను వద్దంటాను. మీరు ముచ్చటపడి వేయించిన పలకలు ఆయనకి నచ్చాలని ఎక్కడుంది? కొన్న మర్నాడే పీకించేస్తాడు. అల్మరా తలుపు కీలు బిగించండి, ఊడిన హ్యాండిల్ పెట్టించండి, నల్లబడ్డ టైల్స్ సందులు శుభ్రం చేయించండి. కుళాయి సున్నానికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచండి, కరిగిపోతుంది. పాలరాయి మీద మాత్రం వెనిగర్ పడనివ్వకండి, సున్నంతో పాటు రాయి మెరుపునీ తినేస్తుంది.

సరే, ఈ ముస్తాబు పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? అమెరికాలో 1970ల్లో బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంట్ దీనికి "స్టేజింగ్" అని పేరు తెచ్చింది. స్టేజ్ అంటే నాటకాల స్టేజే. నాకు ఆ పేరంటే గిట్టదు గానీ, అందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఖాళీ గదిలో కంటికి కొలత దొరకదు. మంచం పడుతుందా, పట్టదా అన్నది తేలదు. కాబట్టి గదికి ఒకటో రెండో పెద్ద సామాన్లు ఉంచండి, మిగతావి తీసేయండి. నడిచే దారిలో ఏదీ కాలికి తగలకూడదు. అల్మరాలు తప్పకుండా తెరిచి చూస్తారు, అందుకని బయటి సామానంతా వాటిలోకి కుక్కకండి. కిక్కిరిసిన అల్మరా చూస్తే "ఇంట్లో చోటు చాలదు" అనే అర్థమవుతుంది.

అయ్యో, టైమ్ చూడలేదు. మిగతావి గబగబా.

వెలుతురు. కాలిపోయిన బల్బులు మార్చండి, అవి కూడా కుళాయి జాతే. బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700, 3000 దగ్గరైతే పసుపు వెచ్చదనం, 6500 అయితే నీలం ఛాయ. ఒకే గదిలో రెండు రకాలు కలిపితే గోడ రంగు ఒక్కోచోట ఒక్కోలా, రోగిష్టిలా కనిపిస్తుంది. కిటికీ అద్దాలు రెండువైపులా తుడవండి.

ఫొటోలు. పగలు తీయండి. కెమెరా ఛాతీ ఎత్తులో, వంచకుండా తిన్నగా పట్టుకోవాలి. పైకో కిందికో వంచితే గోడలు పడిపోతున్నట్టు వస్తాయి. బాగా వెడల్పు లెన్స్‌తో గదిని మైదానంలా చూపించకండి. ఆ మైదానం చూసి వచ్చినవాడికి అసలు గది అగ్గిపెట్టెలా ఉంటుంది. టాయిలెట్ మూత వేయండి, ఇది కూడా చెప్పాలా అనుకుంటాను, చెప్పాల్సొస్తోంది.

ఇల్లు చూపించే రోజు నగలు, మందులు, బ్యాంకు కాగితాలు కనపడేచోట ఉంచకండి. కుక్కని ఎవరింట్లోనైనా దింపి రండి. వచ్చినవాళ్ల వెనకే తిరుగుతూ "ఇది హాలండీ" అనకండి, హాలని వాళ్లకీ తెలుస్తుంది. గోడకి చెయ్యి ఆనిస్తే ఆనించుకోనివ్వండి.

ఇక కుళాయి. నీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, హ్యాండిల్ విప్పి వాషర్ మార్చడం పెద్ద పనేం కాదు. కొత్త వాషర్ వేశాక కూడా కారుతుంటే అది కూర్చునే సీటు అరిగిందని, అప్పుడు ప్లంబర్‌ని పిలవండి. పాత మరచుట్టు కుళాయిల సంగతి ఇది. ఒకే లివర్‌తో తిరిగేవాటిలో చాలావరకు వాషర్ ఉండదు, నీళ్లని ఆపే లోపలి భాగం, కార్ట్రిడ్జ్ అంటారు, అది మార్చాలి.

అన్నీ అయ్యాక బయటికెళ్లి తలుపేసుకోండి. కొనడానికి వచ్చినవాడిలా వచ్చి, ముందు మీ చేయి దేని మీద పడుతుందో చూడండి. నా విషయంలో అది కాలింగ్ బెల్. నొక్కాను. మోగలేదు.