లారీ మీంచి విసిరిన సాయం

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం శ్రోతలకు నమస్కారం.

2017 సెప్టెంబరు మధ్యనాటికి మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి రోహింగ్యాలు, అంటే అక్కడి మైనారిటీ ముస్లింలు, సైన్యం దాడులకు భయపడి మూడు వారాలుగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లోకి వస్తూనే ఉన్నారు. వెనక ఊళ్లు తగలబడుతున్నాయి. కట్టుబట్టలతో వచ్చి రోడ్డు పక్కన కూలబడ్డ జనానికి బంగ్లాదేశ్ నలుమూలల నుంచి దాతలు లారీల్లో బట్టలు, తిండి తెచ్చారు. ఎవరికి ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో చెప్పేవాళ్లు లేక చాలామంది లారీ మీదే నిలబడి జనంలోకి విసిరేవారు. బాలూఖాలీ దగ్గర అలాంటి ఒక పంపకంలో తొక్కిసలాట జరిగి ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు చనిపోయారు. తుపాకులు తప్పించుకుని, నది దాటి, ఇక భయం లేదనుకున్న చోట ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే అక్కడి ప్రభుత్వం పంపకాల పనికి సైన్యాన్ని దింపింది.

ఆ లారీల్లో వచ్చినవాళ్ల మనసు మంచిదే. సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాళ్లను చూసి కరిగిపోయే మనుషులకు లోకంలో ఎప్పుడూ కొదవ లేదు. ఎవరు ఏమివ్వాలి, ఎక్కడివ్వాలి, ఏది ముందు, ఏది తర్వాత అని కూడబలుక్కునే దగ్గరే వస్తోంది చిక్కంతా. దాన్ని సమన్వయం అంటాం. మాట వింటే ఆఫీసు వాసన వస్తుంది. "అక్కడ జనం ఆకలితో మాడుతుంటే వీళ్లకు మీటింగులేమిటండీ" అని విసుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు. నా మట్టుకు నేను, ఆ మీటింగు సరిగ్గా జరిగిన చోటే పిల్లలు బతికారని నమ్ముతాను. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

విశాఖవాళ్లకు దీన్ని మరీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మన పరిస్థితి గుర్తుంది కదా! కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం క్యూ. బయటి ఊళ్ల నుంచి పులిహోర పొట్లాలు, బిస్కెట్లు, వాటర్ ప్యాకెట్లు బళ్లలో వచ్చాయి. మా వీధి మెయిన్ రోడ్డు పక్కనే కావడంతో ఒకే పూట ఒకదాని వెనక ఒకటి ఆగాయి. తిన్నంత తిన్నాక మిగిలిన పొట్లాలు సాయంత్రానికి పాచిపోయి వీధి చివర కుప్పపడ్డాయి. అదే సమయానికి కొండవాలు మీది రేకుల ఇళ్ల నుంచి ఒకావిడ ఖాళీ బిందెతో మెట్లు దిగి వచ్చింది. "నీళ్ల బండి మా కాడికి రాదేటి బాబూ?" అని అడిగింది. పొట్లాలు తెచ్చిన కుర్రాళ్లు కొత్తవాళ్లు. ఆ కొండ మీద అన్ని ఇళ్లున్నాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇది కలెక్టరు, మున్సిపాలిటీ, రేషను డీలరు అందరూ ఉన్న నగరంలో జరిగిన మాట. రోహింగ్యాలు వచ్చి చేరిన బంగ్లాదేశ్ జిల్లా కాక్స్‌బజార్‌లో 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా వచ్చిపడ్డారు. అంతకుముందు హింసలకు పారిపోయి వచ్చినవాళ్లు అప్పటికే అక్కడ లక్షల్లో ఉన్నారు. ఏనుగులు తిరిగే అడవి కొండల్ని చదును చేసి వెదురు బొంగులు, టార్పాలిన్లతో గుడిసెలు వేసుకున్నారు. కుటుపలాంగ్ ప్రపంచంలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరం అయింది. సాయం చేయడానికి వచ్చిన సంస్థలు వందకు పైనే.

అందరూ బియ్యం, పప్పు, నూనె ఇచ్చారు. మరి పొయ్యిలోకి? బియ్యం ఇచ్చినవాళ్లకు అది తమ పని అనిపించలేదు, గుడిసెలు వేయించినవాళ్లకూ అనిపించలేదు. ఆడవాళ్లు, పిల్లలు పొద్దున్నే అడవికి వెళ్లి కొమ్మలు విరుచుకొచ్చారు. కొమ్మలు అయిపోతే చెట్లు, చెట్లు అయిపోతే వేళ్లు తవ్వారు. కొండలు బోడిగుండ్లయ్యాయి. వానాకాలం వస్తే పట్టుకోవడానికి వేరు లేక మట్టి జారి గుడిసెల మీద పడింది. కట్టెల కోసం వెళ్లిన ఆడపిల్లలకు అడవిలో ఎదురైన ప్రమాదాలు వేరే. కట్టెల దగ్గర స్థానికులతో తగాదాలు కూడా వచ్చాయి. చివరికి 2018లో గ్యాస్ బండలు, స్టవ్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు, కొండల మీద మళ్లీ మొక్కలు నాటారు. మొదటి నెలలోనే ఒకరు లేచి "వీళ్లు దేంతో వండుకుంటారు?" అని అడగడమే సమన్వయం.

నీళ్ల సంగతీ అంతే. బోరు వేయించడం కంటికి కనిపించే పుణ్యం. అందుకని వచ్చిన ప్రతివాళ్లూ బోరు వేయించారు. వేల బోర్లు పడ్డాయి. తొందరలో చాలావాటిని లోతు లేకుండా, మరుగుదొడ్లకు నాలుగడుగుల దూరంలో వేశారు. పైనుంచి ఊరిన మురికి నీళ్లలోకి దిగింది. కొన్ని ఎండిపోయాయి, కొన్నింటిని మూసేయాల్సి వచ్చింది. దొడ్లు కట్టినవాళ్లూ బోర్లు వేసినవాళ్లూ ఒక్క మ్యాపు ముందు కూర్చుని ఉంటే ఆ ఖర్చూ, ఆ రోగాలూ చాలావరకు తప్పేవి.

అక్కడే కలిసి చేసిన పని ఒకటి చెబుతాను. నీళ్లు అలా ఉంటే కలరా రావడం ఖాయమని అందరికీ తెలుసు. బంగ్లాదేశ్ ఆరోగ్యశాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ఇంకా అక్కడున్న సంస్థలు కూడబలుక్కుని 2017 అక్టోబరులో ఏడు లక్షల మందికి నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా వేశాయి. గుడిసెలకు నంబర్లు లేవు, వీధులకు పేర్లు లేవు. అయినా కొద్ది వారాల్లో పని ముగించారు. అందరూ భయపడిన పెద్ద కలరా రాలేదు. రాని కలరాకు ఫొటోలుండవు కాబట్టి దీని గురించి విన్నవాళ్లు తక్కువ.

వస్తే ఎలా ఉంటుందో 1994లో గోమాలో లోకం చూసింది. రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే ఎనిమిది లక్షల మంది దాకా సరిహద్దు దాటి, ఇప్పుడు కాంగో అంటున్న దేశంలో అగ్నిపర్వతపు రాతినేల మీద దిగారు. గొయ్యి తవ్వడానికి లేదు, మరుగుదొడ్డికీ లేదు, సమాధికీ లేదు. మొదటి నెలలోనే దాదాపు యాభై వేల మంది చనిపోయారు, ఎక్కువమంది కలరా, రక్త విరేచనాలతోనే. సంస్థలు చాలా వచ్చాయి, ఎవరి లెక్క వారిది. ఆ దెబ్బతోనే 1997లో స్ఫియర్ పేరుతో కనీస ప్రమాణాలు రాసుకునే పని మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. తాగడానికి, వంటకు, ఒళ్లు కడుక్కోవడానికి అన్నీ కలిపి ఒక్క బకెట్టు. ఒక కుళాయికి 250 మందికి మించకూడదు. తలదాచుకునే చోట మనిషికి మూడున్నర చదరపు మీటర్ల జాగా. మన ఇంట్లో డబుల్ కాట్ కంటే కాస్త ఎక్కువ. చాలా చిన్న అంకెలే. అయినా ఆ అంకె ఒకటంటూ ఉంటే "ఈ బ్లాకులో ఎనిమిది లీటర్లే అందుతున్నాయి, ఇంకో ట్యాంకరు పంపండి" అని గట్టిగా అడగడానికి వీలవుతుంది.

ఆ అడగడం జరిగేది ఈ మీటింగుల్లోనే. బల్ల మీద ఒక పట్టిక ఉంటుంది. ఎవరు, ఏం, ఎక్కడ అని మూడు గడులు. నీళ్లు చూసేవాళ్లు ఒక జట్టు, ఆహారం ఒక జట్టు, వైద్యం, గుడిసెలు, పిల్లల రక్షణ ఒక్కోటి ఒక్కో జట్టు. పైన అక్కడి ప్రభుత్వ అధికారి. పట్టికలో ఖాళీగా ఉన్న గడి ఎక్కడుందో చూడటమే వాళ్ల మొదటి పని. హుద్‌హుద్ నాడు మన కొండ మీది ఇళ్లు అలాంటి ఖాళీ గడే.

అయితే పట్టిక ఒక్కటీ చాలదు. శరణార్థులను అడగాలి, ముఖ్యంగా ఆడవాళ్లను. కాక్స్‌బజార్ శిబిరాల్లో దొడ్లు కట్టారు. కొన్నింటికి లోపల గడియ లేదు, దారిలో దీపం లేదు, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరుగా లేవు. చాలామంది ఆడవాళ్లు పగలు దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని తిండీ నీళ్లూ తగ్గించేసుకున్నారు. కాగితం మీద మాత్రం ఇంతమందికి ఇన్ని దొడ్లు అని లెక్క సరిపోయింది. భాష కూడా ఇబ్బందే. రోహింగ్యా మాట చిట్టగాంగ్ యాసకు దగ్గర. చదువు లేని జనం ముందు బెంగాలీలో, ఇంగ్లీషులో బోర్డులు రాసి పెడితే ఎవరికి ఉపయోగం? ఆ ప్రాంతంలో టెక్నాఫ్‌లో రేడియో నాఫ్ అనే చిన్న కమ్యూనిటీ రేడియో ఉంది. అది వాళ్ల కోసం కార్యక్రమాలు ప్రసారం చేసింది. మైకు ముందు కూర్చుని మాట్లాడుతున్న నాకు ఈ సంగతి తలచుకుంటే చాలా సంతోషంగా ఉంటుంది.

శరణార్థుల చేతికే పని అప్పగించిన గొప్ప ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, సుమారు కోటి మంది మన దేశంలోకి వచ్చారు. సరిహద్దు దగ్గర బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేలంతా నిండిపోయారు. సెలైన్ అయిపోతోంది, ఎక్కించడానికి మనుషులు లేరు. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలిచి పొట్లాలు కట్టించారు. డ్రమ్ముల్లో కలిపి, రోగుల తల్లులకూ అన్నదమ్ములకూ గ్లాసులిచ్చి "తాగినంత తాగించండి" అన్నారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఈ రోజు మన మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌కు ఆ రుజువే పెద్ద బలమైంది. ఆయనకు 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇంకో మాట. మన ఏజెన్సీ అవతల మల్కాన్‌గిరి వైపు వెళ్తే బెంగాలీ గ్రామాలు కనిపిస్తాయి. 1971 కంటే ముందే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లకు దండకారణ్య ప్రాజెక్టు కింద ఇచ్చిన ఊళ్లే అవి.

ఇక మన సొంత కథ. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు పేరు మీరంతా వినే ఉంటారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, ఆ తర్వాత వ్యాపారాలన్నీ జాతీయం చేశాక, లక్షల మంది మనవాళ్లు అన్నీ వదులుకుని ఓడలెక్కారు. కొన్ని ఓడలు మన విశాఖ రేవుకే వచ్చాయి. అంతకుముందు 1942 ఇంకా ఘోరం. రంగూన్ రేవులో మూటలు మోసిన, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు జపాన్ బాంబులకు భయపడి నడక సాగించారు. కొందరు మణిపూర్ కొండల మీదుగా, కొందరు టాంగుప్ కనుమ దాటి అరకాన్ తీరానికి చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్ వైపు వచ్చారు. అరకాన్ అంటే ఇప్పటి రఖైన్. బర్మా నుంచి బయల్దేరిన భారతీయులు నాలుగైదు లక్షలు, దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్లు వేలకు వేలు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అన్న వివక్ష కూడా జరిగింది. అస్సాం వైపు కొండదారుల్లో గంజి, మందులు, తలదాచుకునే చోటు ఏర్పాటు చేసినవాళ్లలో టీ తోటల సంఘం వాళ్లు ముఖ్యులు. వాళ్ల దగ్గర కూలీలు, గోదాములు, డాక్టర్లు ముందే ఉండటం వల్ల అది సాధ్యమైంది.

వచ్చినవాళ్లకు చోటిచ్చే ఊరివాళ్లను మరిచిపోతే సాయం పగగా మారుతుంది. శిబిరాల చుట్టుపక్కలున్న ఉఖియా, టెక్నాఫ్‌లలో కూలి రేట్లు పడిపోయాయి, కూరగాయల ధరలు పెరిగాయి. అందుకే 2018 సహాయ ప్రణాళికలో పదమూడు లక్షల మందిని లెక్కలోకి తీసుకుంటే, అందులో మూడు లక్షల ముప్ఫై ఆరు వేల మంది స్థానిక బంగ్లాదేశీయులే. మన మిజోరంలో 2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైనిక కుట్ర తర్వాత ముప్ఫై వేల మందికి పైగా అక్కడి చిన్ తెగల ప్రజలు వచ్చారు. అక్కడ చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ బియ్యం, దుప్పట్లు పోగుచేశాయి. ఏ ఊళ్లో ఎవరింట ఎంతమంది ఉన్నారో వాళ్ల శాఖలకే తెలుసు కాబట్టి పంపకం సాఫీగా సాగింది.

మరి మనలాంటివాళ్లు ఏం చేయగలం? పాతబట్టల మూటలు కట్టకండి. వాటిని విడదీయడానికి అక్కడ మనుషులు కావాలి, మోయడానికి లారీ కావాలి, చివరికి అవి రోడ్డు పక్క బురదలో పడతాయి. డబ్బు ఇవ్వండి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకూ, యూనిసెఫ్‌కూ మన దేశంలోనే విరాళాలు తీసుకునే ఏర్పాటు ఉంది. ఇచ్చేముందు ఆ సంస్థ అక్కడ ఎవరితో కలిసి పనిచేస్తోందో అడగండి. ఒంటరిగా చేస్తున్నాం అని గర్వంగా చెబితే మరోసారి ఆలోచించండి.

టీవీలో కనిపించినప్పుడే ఇచ్చి ఊరుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. రోహింగ్యా శిబిరాల్లో మనిషికి నెలకు 12 డాలర్లున్న ఆహార సాయాన్ని నిధులు లేక 2023 మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించారు. ఎనిమిది డాలర్లు నెలకంటే మూడు పూటలకూ కలిపి రోజుకు పాతిక రూపాయలు కూడా రావు. 2024లో మళ్లీ పన్నెండున్నరకు పెంచగలిగారు, దాతలు ముందుకు రావడం వల్లే. కాబట్టి ఇచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు ఒక్కసారిగా వెయ్యి ఇచ్చే బదులు నెలకు వంద చొప్పున ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తే వాళ్లు వానాకాలానికి ముందే బియ్యం కొని గోదాములో పెట్టుకుంటారు. నమస్కారం.