కాలిన అడవికి విత్తనం

శ్రోతలందరికీ నమస్కారం. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ నుంచి మాట్లాడుతున్నాను.

ఎండలు ముదిరితే మా గడ్చిరోలి అడవుల్లో రాత్రిపూట గుట్టల మీద ఎర్రటి గీత పాకుతూ కనిపిస్తుంది. ఎండుటాకుల్లో ఇప్పపువ్వు కనబడదని చెట్టు కింద అగ్గి పెడతాం. తునికాకు బాగా చిగురిస్తుందని మళ్ళీ పెడతాం. చెట్టు కింద ఊడ్చి పాత చీర పరిచినా పువ్వు దొరుకుతుంది. ఆ కాస్త ఓపిక లేక అడవినే పోగొట్టుకుంటున్నాం.

పోయిన వేసవిలో కాలిన చోట ఒక మోడు పక్కన కూర్చుని, బూడిద చేత్తో తీసి చూశాను. అడుగున తునికి వేరు నుంచి చిటికెన వేలంత ఎర్రటి చిగురు వచ్చింది! ప్రాణం లేచొచ్చినట్టయింది. చుట్టూ వెతికితే టేకు, మోదుగ కూడా లేస్తున్నాయి. సారపప్పు కాసే మొర్రి మొక్క మాత్రం ఒక్కటీ లేదు. వేరు బలమున్నవి మంటను తట్టుకుంటాయి. ఏటా కాలే నేలలో గింజ నుంచి మొలిచిన పసిమొక్క నిలవదు.

అందుకే కాలిన చోటికి వెంటనే గునపాలు పట్టుకుని పోవద్దు, అంతటా టేకు ఒక్కటే నాటవద్దు. రెండు వానాకాలాలు మంటలు, మేకలు రాకుండా కాపాడితే లేచేవి లేస్తాయి. రానివేవో అప్పుడు తెలుస్తుంది.

అవి ఎందుకు రావు? మొర్రిపప్పు అమ్ముకుంటాం, ఇప్పగింజ నూనెకు పోతుంది, కరక్కాయ బస్తాల్లో సంతకు పోతుంది. ఇక నేలకు మిగిలేదేముంది? గుడ్డెలుగు నయం, తునికిపండు తిని గింజను అడవికే వదిలిపోతుంది.

రాళ్ళ నేలలో మొర్రి వేయండి. వాగు ఒడ్డున తెల్లమద్ది, నేరేడు వేయండి. ఉసిరికాయలు ఎండబెడితే పగిలి గింజలు బయటపడతాయి. కరక్కాయ పెంకు గట్టిది, పైకండ తీసి నానబెట్టాలి.

మా జిల్లాలోని మేండా లేఖా గ్రామం 2009లో, దేశంలోనే అందరికంటే ముందు, ఊరందరికీ కలిపి ఇచ్చే సామూహిక అటవీ హక్కు పొందింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు కూడా ఉంది. గ్రామసభలో తునికాకు లెక్కలతో పాటు విత్తనం మాట కూడా ఎత్తండి.

ఇప్పగింజ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. ఈసారి పండ్లు రాలినప్పుడు ఒక దోసెడు గింజలు నూనెకు పంపకుండా పక్కన పెట్టండి. నేల తడిసిన వారంలోనే, రెండు వానాకాలాలు కాపాడినా ఇప్ప మొలవని కాలిన చోట, అంగుళం లోతున పెట్టి రండి.